తెలుగు నేల నీటి నిర్మాతలు

కృష్ణా గోదావరుల పరీవాహకంలోనూ, వాటికి దక్షిణాన పెన్నా ఒడ్డు దాకానూ, తెలుగు ప్రాంతాల్లో చెరువులు, ఆనకట్టలు, జలాశయాలు తలపెట్టి కట్టించినవారి జీవితాలూ పనులూ ఈ వ్యాసం విషయం. ఆర్థర్ కాటన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నవాబ్ అలీ నవాజ్ జంగ్, కానూరి లక్ష్మణరావు వీరిలో ప్రముఖులు. ఏ కట్ట వెనకా ఒక్క మనిషే లేడు. ప్రతి ఒక్కరూ తమకు ముందువాళ్ళ పనిని, కొన్నిసార్లు వాళ్ళ వైఫల్యాన్ని, చదువుకుని దాని మీద తమ పని నిలబెట్టారు. జనం మాత్రం కట్టకు ఒక పేరు చొప్పునే గుర్తుపెట్టుకున్నారు. ఏ ఊళ్ళో ఏ పేరు నిలిచిందన్నది కాలువ ఎటు పారిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

చెరువుల కాలం

తెలుగు నేల మీద పెద్ద నదులకు అడ్డుకట్ట వేయడం 19వ శతాబ్దపు పని. అంతకు ముందు వెయ్యేళ్ళ సేద్యం వాగుల మీదా చెరువుల మీదా నడిచింది. కాకతీయుల కాలంలో, ముఖ్యంగా గణపతిదేవుడు ఏలిన 1199–1262 మధ్య, గుడి, చెరువు, ఊరు ఒకేసారి వెలసేవి. ఆయన సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో రామప్ప గుడిని ప్రతిష్ఠించాడు. ఆ పక్కనున్న రామప్ప చెరువు కింద ఇప్పటికీ పంట పండుతోంది. పాకాల, లక్నవరం కూడా ఆ తరం చెరువులే. మూడు పక్కల గుట్టలుండి నాలుగో పక్కన చిన్న కట్ట వేస్తే సరిపోయే చోట్లు వెతకడంలో ఆనాటి వారి కంటిచూపు ఎంతటిదో ఈ మూడు చెరువులూ చూస్తే తెలుస్తుంది.

ఆ చూపు వెనకనున్న శాస్త్రాన్ని రాతి మీద చెక్కించి పెట్టినవాడు విజయనగర రాజకుమారుడు భాస్కరుడు. భవదూరుడని ఇంకో పేరు. మొదటి బుక్కరాయల కొడుకు, ఉదయగిరి నుంచి ఏలాడు. కడప జిల్లా పోరుమామిళ్ళలో ఆయన కట్టించిన అనంతరాజ సాగరం దగ్గర 1369 నాటి శాసనం ఉంది. చెరువు కట్టడానికి రోజుకు వెయ్యిమంది కూలీలు రెండేళ్ళు పనిచేశారనీ, రాళ్ళు తోలడానికి నూరు బళ్ళు నడిచాయనీ అందులో రాశారు. దానాల లెక్కలతో నిండిన శాసనాలు వేలల్లో దొరుకుతాయి గానీ, పనిదినాలూ బళ్ళ సంఖ్యా చెప్పేవి అరుదు.

అంతకన్నా విలువైనవి అందులోని పన్నెండు అంగాలు, ఆరు దోషాలు. ధర్మపరుడూ ధనవంతుడూ అయిన పాలకుడు, జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, మంచినీటి వాగు, ఆ వాగును ఆనుకున్న కొండ, మరీ పొడుగు కాని గట్టి రాతికట్ట, దగ్గర్లో పొడవాటి రాళ్ళ గని, సాగుకు అనువైన పొలం, నేర్పరులైన పనివాళ్ళు మొదలైనవి అంగాలు. కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీరు ఎక్కువ కావడం దోషాలు. వీటి మధ్య ఇంజనీరింగుతో సంబంధం లేనిది ఒకటుంది: రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. ఆ తరవాత ఆరువందల ఏళ్ళకు కృష్ణా జలాల వివాదం మీద 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు పంచింది. ఆ తగవు ఇంకా తీరలేదు. పోరుమామిళ్ళ శాసనకర్త దాన్ని దోషాల జాబితాలో ఎందుకు చేర్చాడో వేరే వివరించనక్కర్లేదు.

ఆర్థర్ కాటన్ (1803–1899)

1803 మే 15న ఇంగ్లండులో పుట్టిన ఆర్థర్ థామస్ కాటన్ పదకొండు మంది అన్నదమ్ముల్లో పదోవాడు. ఆడిస్కూంబ్‌లోని ఈస్టిండియా కంపెనీ సైనిక పాఠశాలలో చదివి, మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి 1821లో భారతదేశం వచ్చాడు. చిన్నప్పటి నుంచీ మతనిష్ఠ గలవాడు. కరువులో మనుషులు చావడం పాలకుల పాపమేనని నమ్మాడు, ఆ మాట పై అధికారుల ముఖం మీదే అనేవాడు. దానివల్ల ఉద్యోగంలో ఆయనకు మిత్రులకన్నా శత్రువులే ఎక్కువయ్యారు.

కాటన్ చదువు నిజంగా మొదలైంది తంజావూరు జిల్లాలో. కావేరి మీద చోళుల కాలం నాటి కల్లణై ఉంది. అంతులేని ఇసుక మీద, గట్టి పునాది తగలని చోట, రాళ్ళగుట్ట లాంటి ఆ కట్ట శతాబ్దాలుగా ఎలా నిలిచిందో ఆయన పరిశీలించాడు. వదులు ఇసుకలో పునాది నిలబెట్టే విద్య తమకు నేర్పింది ఈ దేశపు పాత పనివాళ్ళేనని తరవాత స్వయంగా రాశాడు. 1836లో కొల్లిడం మీద ఆయన కట్టిన ఆనకట్టలు ఆ పాఠం ఫలితమే. ధవళేశ్వరం ఆనకట్ట వేళ్ళు కావేరి ఇసుకలో ఉన్నాయన్న సంగతి గోదావరి జిల్లాల్లో తక్కువమందికి తెలుసు.

గోదావరి డెల్టా అప్పటికి చితికిపోయి ఉంది. 1832–33 నందన కరువు, తరవాతి కొరత సంవత్సరాలు, 1839 నవంబరులో కోరంగిని ముంచిన తుపాను ఉప్పెన వరసగా దెబ్బతీశాయి. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7,38,308. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి, 1841లో, అది 5,61,041కి పడిపోయింది. శిస్తు కూడా పడిపోయింది కనకనే కంపెనీ కళ్ళు తెరిచిందన్నది దాచవలసిన సంగతి కాదు. కారణాలు తెలుసుకోవడానికి సర్ హెన్రీ మాంట్‌గోమరీని పంపారు. ఆ నివేదిక వచ్చాక కాటన్ రంగంలోకి దిగాడు. నది మీద కట్ట కట్టాలన్న ఆలోచన ఆయనతో పుట్టింది కాదు. 18వ శతాబ్దం చివర్లోనే కంపెనీ సర్వేయరు మైకేల్ టాపింగ్ కృష్ణా గోదావరుల నీటిని పొలాలకు మళ్ళించే వీలుందేమో పరిశీలించాడు. 1796లో మచిలీపట్నంలో ఆయన చనిపోవడంతో ఆ కాగితాలు అటకెక్కాయి.

ధవళేశ్వరం దగ్గర గోదావరి లంకలతో కలిపి ఇంచుమించు నాలుగు మైళ్ళ వెడల్పు. అక్కడే ఎందుకంటే, కొండల మధ్య నుంచి బయటపడ్డ నది డెల్టాగా విచ్చుకునే ముఖద్వారం అది. కట్టకు కావలసిన రాయి ధవళేశ్వరం కొండలోనే ఉంది. లంకలు నదిని నాలుగు పాయలు చేయడంతో ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కల ఆనకట్ట సరిపోయింది. నాలుగూ కలిపితే రెండు మైళ్ళకు పైబడిన పొడవు. ఎత్తు మాత్రం పన్నెండు అడుగులే. నీళ్ళు నిల్వ చేయడం దీని పని కానే కాదు. నది నీటిమట్టాన్ని కాస్త పైకెత్తి, పక్కనున్న కాలువల తలుపుల్లోకి మళ్ళించడం దాని పని. వరద వస్తే కట్ట మీదుగా పొర్లిపోతుంది. ఇసుకలోకి బావులు దించి వాటి మీద గోడ లేపారు, దిగువన వదులు రాళ్ళు పరిచారు. ఖర్చు తగ్గించాలని తీసుకున్న ఈ నిర్ణయమే దాని బలమూ బలహీనతా. చౌకగా, త్వరగా పూర్తయింది. ఏటా మరమ్మతులూ అడిగింది.

1846 చివర్లో అనుమతి, 1847లో పని మొదలు, 1852లో ముగింపు. పదివేల మందికి దగ్గరగా కూలీలు పనిచేశారు. కాటన్ అడిగినంత మంది ఇంజనీర్లను ప్రభుత్వం ఇవ్వలేదు. పైగా మధ్యలో ఎండదెబ్బకు ఆయన ఆరోగ్యం చెడి 1848లో సెలవు మీద వెళ్ళాల్సి వచ్చింది, 1850లో గానీ తిరిగి రాలేదు. కట్టడంలో కీలకమైన ఆ రెండేళ్ళూ బాధ్యత కెప్టెన్ చార్లెస్ ఓర్ మోశాడు. ఓర్ తరవాత సీతానగరం కొండకూ ఇంద్రకీలాద్రికీ మధ్య కృష్ణా ఆనకట్టను 1852–55లో కట్టాడు. బెజవాడలో ఆయన పేరు చెబితే ఎవరని అడుగుతారు.

ఇంకొకరు వీణెం వీరన్న. ఈయన స్థానికుడు, ఓవర్సీరు. కూలీలను రప్పించడం, వాళ్ళకు కూలీ పంచడం, పని పురమాయించడం, కాలువల తవ్వకం చూసుకోవడం అన్నీ ఈయన మీదుగా నడిచాయి. తెలుగు రాని దొరకూ, ఇంగ్లీషు రాని వేలమందికీ మధ్య నిలబడ్డ మనిషి ఆయనే. ప్రభుత్వం ఆయనకు రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చింది. ధవళేశ్వరంలో ఆయన పేరుతో శిలాఫలకం ఉంది గానీ ఊరూరా కాటన్ విగ్రహాలున్న డెల్టాలో వీరన్న విగ్రహం కోసం వెతకాలి. కోనసీమలో గన్నవరం అక్విడక్టు కట్టిన హేగ్‌దీ అదే కథ. వైనతేయ పాయ మీదుగా నాగరం లంకకు నీళ్ళు చేర్చడానికి నలభై అడుగుల వెడల్పు గల 49 ఖానాలతో ఒకే పనికాలంలో అది లేచింది. 2000లో పక్కనే కొత్తది కట్టేదాకా నూటయాభై ఏళ్ళు పనిచేసింది.

ఫలితం గురించి వాదం లేదు. 1876–78లో, ధాత కరువుగా జనం చెప్పుకునే విపత్తులో, రాయలసీమ పీనుగుల దిబ్బ అయింది. కృష్ణా గోదావరి డెల్టాలు మాత్రం ధాన్యం బయటికి పంపాయి. కాలువలు రహదారులు కూడా. లాకులు దాటుకుంటూ పడవల మీద సరుకూ జనమూ రాకపోకలు సాగించేవారు. కాటన్ మనసు నిజానికి అక్కడే ఉండేది. దేశమంతటా నదులను కలిపి జలమార్గాలు వేస్తే రైళ్ళకన్నా చౌక అని పుస్తకాలు రాశాడు, ఉపన్యాసాలిచ్చాడు. ప్రభుత్వం రైళ్ళ వైపు మొగ్గింది. సుంకేసుల నుంచి కడప దాకా ఒక ప్రైవేటు కంపెనీ తవ్విన కర్నూలు–కడప కాలువ నష్టాల పాలై 1882లో ప్రభుత్వం చేతికి వచ్చింది. ప్రత్యర్థులు దాన్ని కాటన్ మీదికి విసిరారు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ముందు కూర్చుని జవాబులు చెప్పుకోవాల్సి వచ్చింది. నీళ్ళు పారే చోట భక్తుడిలా కనిపించే కాటన్, లెక్కలు చూసేవారి కళ్ళకు మొండివాడు. ఈ రెండు చిత్రాల్లో ఒక్కటే నిజం అనడానికి లేదు. డెల్టాకు చక్కగా సరిపోయిన విద్య సీమ రాతినేల మీద అలాగే పనిచేస్తుందనుకోవడం ఆయన అంచనా పొరపాటు.

1861లో సర్ బిరుదు వచ్చింది. 1899 జులై 24న డార్కింగ్‌లో 96వ ఏట కన్నుమూశాడు. గోదావరి రేవుల్లో పురోహితులు స్నాన సంకల్పంలో ఆయన పేరును భగీరథుడితో కలిపి చెప్పే ఆనవాయితీ ఉంది. ఒక విదేశీ ఉద్యోగికి ఇంతకన్నా పెద్ద గౌరవం ఈ దేశంలో వెతికినా దొరకదు. ఆయన జీవిత కథల్లో చాలాభాగం కూతురు ఎలిజబెత్, లేడీ హోప్, 1900లో ప్రచురించిన గ్రంథం నుంచి వచ్చాయి. చార్లెస్ డార్విన్ చివరి రోజుల్లో మతం వైపు తిరిగాడన్న కథను 1915లో లోకానికి చెప్పిందీ ఈవిడే. దాన్ని డార్విన్ పిల్లలు కొట్టిపారేశారు. కాబట్టి తండ్రి గురించి ఆమె రాసిన వాటిలో ప్రభుత్వ రికార్డులతో సరిపోలేవాటినీ, కూతురి ప్రేమతో పెరిగినవాటినీ వేరుచేసి చదువుకోవాలి. పాత ఆనకట్ట స్థానంలో 1970–82 మధ్య కొత్త బ్యారేజీ కట్టి దానికి కాటన్ పేరే పెట్టారు. 1986 ఆగస్టులో ఇంచుమించు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు తట్టుకున్నది ఈ కొత్తదే.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య (1861–1962)

మైసూరుకు చెందినవాడిగా దేశం తలచుకునే విశ్వేశ్వరయ్య ఇంటిపేరు ప్రకాశం జిల్లా మోక్షగుండం ఊరిది. పూర్వులు అక్కడి నుంచి వలసపోయిన తెలుగువాళ్ళు. కృష్ణరాజసాగరం గురించీ దివాన్‌గిరీ గురించీ చెప్పే పుస్తకాలకు కొదవ లేదు. ఇక్కడ చెప్పుకోవలసింది హైదరాబాదు సంగతి.

1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి హైదరాబాదును ముంచింది. మృతులు పదిహేను వేల దాకా ఉంటారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకుని ఒంటరిగా మిగిలాడు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు నూటయాభై మంది బతికారని చెబుతారు. అప్పుడే బొంబాయి ప్రభుత్వ కొలువు విడిచి యూరపులో తిరుగుతున్న విశ్వేశ్వరయ్యకు నిజాం ప్రభుత్వం కబురు పంపింది. 1909 ఏప్రిల్‌లో ఆయన వచ్చాడు.

వచ్చి ముందుగా కొలతలు తీశాడు. శంషాబాద్‌లో ఇరవై నాలుగు గంటల్లో 12.8 అంగుళాలు, నలభై ఎనిమిది గంటల్లో 18.9 అంగుళాల వాన పడింది. నగరానికి ఎగువన 860 చదరపు మైళ్ళ పరీవాహకంలో 788 చెరువులున్నాయి. అంటే చదరపు మైలుకు ఇంచుమించు ఒకటి. వాటిలో 221 తెగాయి. వాన ఒక్కటే కాదు, ఒకదాని మీద ఒకటి తెగిన గొలుసు చెరువుల నీళ్ళన్నీ ఒకేసారి నగరం మీద పడ్డాయి. పాత చెరువుల వ్యవస్థకు ఇంత పెద్ద శవపరీక్ష అంతకు ముందు ఎవరూ చేయలేదు. గరిష్ఠ ప్రవాహం 4.25 లక్షల క్యూసెక్కులని లెక్కగట్టి, మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, వరదను పట్టి ఉంచే రెండు జలాశయాలు కట్టమన్నాడు. ఆ వరదను ఆపే జలాశయాలే నగరానికి తాగునీరు కూడా ఇస్తాయన్నది ఆయన సూచనలోని తెలివి. అక్టోబరులో నివేదిక ఇచ్చి, నవంబరు కల్లా మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిపోయాడు.

గండిపేట దగ్గర ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. కట్టినవాళ్ళు నిజాం ప్రభుత్వ ఇంజనీర్లు. హైదరాబాదులో ఆయన ఉన్నది నెలల లెక్కే, అయినా ఈ రెండింటినీ జనం విశ్వేశ్వరయ్య కట్టాడనే అంటారు. ఆయనే ఆ మాట విని ఉంటే సవరించేవాడు, స్వభావం అలాంటిది. 1922లో మురుగు పారుదల పథకం కోసం మళ్ళీ పిలిస్తే వచ్చాడు. 1955లో భారతరత్న అందుకున్నాడు. 1951లో అచ్చయిన ఆత్మకథలో పథకాలూ లెక్కలూ తప్ప సొంత సుఖదుఃఖాలు దాదాపు కనిపించవు. చదవడానికి పొడిగా ఉంటుంది, నమ్మడానికి మాత్రం గట్టిది. ఆ జలాశయాల పరీవాహకంలో నిర్మాణాలను అడ్డుకుంటూ 1996లో వచ్చిన 111 జీవో గొడవలు చూస్తే, 1909 నాటి లెక్క ఎందుకు మరవకూడదో తెలుస్తుంది.

అలీ నవాజ్ జంగ్ (1877–1949)

అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జులై 11న హైదరాబాదులో పుట్టాడు. ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లండు వెళ్ళి కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, 1899లో నిజాం రాజ్యపు ప్రజాపనుల శాఖలో చేరాడు. 1918లో చీఫ్ ఇంజనీరయ్యాడు. హిమాయత్ సాగర్, పాలేరు, వైరా లాంటి పనులు ఆయన హయాం నాటివి. వీటన్నిటిలో పెద్దది నిజాం సాగర్.

గోదావరి ఉపనది మంజీరా మీద అచ్చంపేట దగ్గర 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ జలాశయం కింద ఆయకట్టు అంచనా 2,75,000 ఎకరాలు. ఖర్చు నాలుగు కోట్ల రూపాయలకు అటూ ఇటూ. నలభై దాకా ఊళ్ళు మునిగాయి. ఇది కాటన్ తరహా పన్నెండడుగుల ఆనకట్ట కాదు, వానకాలం నీటిని ఏడాదంతా పట్టి ఉంచే జలాశయం. దీని వెనకే బోధన్‌లో చక్కెర కర్మాగారం వచ్చింది. సర్కారు జిల్లాల రైతులు కూడా వచ్చారు. కాలువ సేద్యం తాతల నుంచి తెలిసిన కృష్ణా, గోదావరి రైతులు అక్కడ భూములు కొని స్థిరపడ్డారు. నిజామాబాదు ప్రాంతంలో పేరు చివర ‘క్యాంపు’ అని ఉన్న ఊళ్ళు ఆ వలసల గుర్తులే. ఒక ఆనకట్ట పెంచిన రైతు ఇంకో జలాశయం కిందకి నడిచి రావడం తెలుగు వ్యవసాయ చరిత్రలో పెద్ద ఘట్టం. దాని తీపీ చేదూ రెండూ తరవాతి రాజకీయాల్లో కనిపించాయి.

జలాశయాల రోగం పూడిక. నిజాం సాగర్ మొదటి సామర్థ్యం దాదాపు 30 టీఎంసీలు. 1970ల నాటికి 12 దగ్గరికి పడిపోయింది. గేట్ల ఎత్తు పెంచి 17.8కి తెచ్చారు. అలీ నవాజ్ జంగ్ ఈ లెక్క చూడకుండానే 1949లో పోయాడు. 1938లో కాంగ్రెస్ ఏర్పాటు చేసిన జాతీయ ప్రణాళికా సంఘంలో నదులు, నీటిపారుదల ఉపసంఘానికి ఆయనే అధ్యక్షుడు. తుంగభద్ర నీటి మీద మద్రాసుతో హైదరాబాదు 1944లో కుదుర్చుకున్న ఒప్పందం ముందు నడిచిన ఏళ్ళ తరబడి బేరసారాల్లో హైదరాబాదు తరఫు మనిషి ఆయన. పని కన్నా ఆ చర్చలే ఎక్కువ కాలం తిన్నాయి.

చాలాకాలం ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లో లేదు. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో ఆయన పుట్టినరోజును తెలంగాణ ఇంజనీర్ల దినంగా ప్రకటించారు. దేశానికి విశ్వేశ్వరయ్య పుట్టినరోజు సెప్టెంబరు 15, తెలంగాణకు జులై 11, ఆంధ్రకు మే 15న కాటన్ జయంతి. మూడు తేదీలూ మూడు వేర్వేరు నీటి భూగోళాలను చెబుతాయి.

కె.ఎల్. రావు (1902–1986)

కానూరి లక్ష్మణరావు 1902 జులై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో, అంటే ఓర్ కట్టిన ఆనకట్ట నీళ్ళు పారే పొలాల మధ్య, పుట్టాడు. తొమ్మిదో ఏట తండ్రి పోయాడు. బడిలో ఆటలో దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. మద్రాసులో ఇంజనీరింగ్ చదివాడు, రంగూన్‌లో ఆచార్యుడిగా పనిచేశాడు, 1939లో బర్మింగ్‌హామ్ నుంచి డాక్టరేటు పొందాడు. స్వదేశానికి వచ్చి 1950 నుంచి కేంద్ర జల విద్యుత్ సంఘంలో డిజైన్ల విభాగాన్ని నడిపాడు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి పదేళ్ళలో దేశంలో లేచిన పెద్ద ఆనకట్టల నక్షాలు చాలావరకు ఆ విభాగం బల్లల మీదుగా వెళ్ళినవే.

నాగార్జునసాగర్ చరిత్ర రావు ఒక్కడితో మొదలు కాదు. కృష్ణా నీటిని పెన్నాకు మళ్ళించి దక్షిణానికి తీసుకుపోవాలని మద్రాసు ప్రభుత్వం ఆలోచిస్తున్న కాలంలో, నందికొండ దగ్గరే కట్ట కట్టాలని పట్టుబట్టినవాడు ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్. ఇంజనీరు కాదు, జమీందారు. రిటైరైన ఇంజనీర్లను వెంటబెట్టుకుని నల్లమల అంచు అడవుల్లో సర్వేలు చేయించాడు, రైతుల సంఘం పెట్టాడు, ఢిల్లీ గుమ్మాలు తొక్కాడు. ఈ ప్రతిపాదనలు పరిశీలించిన ఖోస్లా సంఘం 1952లో నందికొండకు మొగ్గింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలింది. కట్టడం పనిని చీఫ్ ఇంజనీరు మీర్ జాఫర్ అలీ నడిపించాడు.

ఇక్కడ రావు పేరు నిలిచిపోయిన నిర్ణయం రాయి. ప్రపంచమంతా కాంక్రీటు వైపు పోతుంటే సాగర్‌ను రాతికట్టడంగానే లేపారు. సిమెంటూ యంత్రాలూ కొరతగా ఉన్న దేశంలో, విదేశీ మారకం ఖర్చు పెట్టకుండా, వేలమందికి పని దొరికేలా కట్టాలంటే అదే దారి అని ఆయన వాదించాడు. పునాది నుంచి 124 మీటర్లకు పైబడిన ఎత్తుతో అది ప్రపంచంలోని అతిపెద్ద రాతి ఆనకట్టల్లో ఒకటయింది. మునిగిపోయే ఇక్ష్వాకుల నగరాన్ని ఆర్. సుబ్రహ్మణ్యం బృందం 1954–60లో తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి మార్చింది. ఇప్పుడది జలాశయం మధ్య ద్వీపం. పురావస్తువులకు దొరికిన ఆ శ్రద్ధ ముంపు తండాలకూ ఊళ్ళకూ అంతగా దొరకలేదు. మొదట 408 టీఎంసీలుగా లెక్కించిన నిల్వ పూడికతో ఇప్పుడు 312కి వచ్చింది.

రావు విజయవాడ నుంచి లోక్‌సభకు మూడుసార్లు ఎన్నికయ్యాడు. 1963 నుంచి 1973 దాకా కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖలు చూశాడు. 1963లోనే పద్మభూషణ్ వచ్చింది. ఆత్మకథకు ‘ద క్యూసెక్స్ క్యాండిడేట్’ అని పేరు పెట్టుకున్నాడంటే ఓట్లు ఏం చెప్పి అడిగాడో ఊహించవచ్చు. మంత్రిగా ఆయన పెద్ద కల 1972 నాటి గంగా–కావేరీ అనుసంధానం. పాట్నా దగ్గర గంగ నుంచి 60,000 క్యూసెక్కులు ఎత్తి, 2,640 కిలోమీటర్ల పొడవున దక్షిణానికి తేవాలన్నది ఆలోచన. ఎత్తిపోయడానికి కావలసిన కరెంటూ ఖర్చూ చూసి కేంద్ర నిపుణులు కుదరదన్నారు. కాటన్ పడవల కోసం కన్న కల వందేళ్ళకు రావు చేతిలో నీళ్ళ కోసం కన్న కలగా మారింది, రెండూ ఒకే చోట ఆగాయి. 1986 మే 18న రావు మరణించాడు. పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టారు.

కట్టిన చేతులు

పోరుమామిళ్ళ శాసనం వెయ్యిమంది అని చెప్పి ఊరుకుంది. ధవళేశ్వరం నివేదికలు పదివేలంటాయి. ఈ సంఖ్యల్లోని మనుషుల్లో రాతిపనికీ మట్టిపనికీ తరతరాలుగా పేరు మోసిన వడ్డెరలు, ఉప్పరులు ఉన్నారు. చెరువు నీటిని మడి మడికీ పంచే నీరటికాడు, లాకుల దగ్గర తలుపు ఎత్తి దించే లస్కరు కట్ట పూర్తయ్యాక పనిలోకి వస్తారు. నిర్మాణం గురించి రాసేవాళ్ళు వీళ్ళ దగ్గరికి రాకముందే పుస్తకం ముగించేస్తారు.

20వ శతాబ్దంలో ఈ పనికి దేశమంతటా పేరు పడ్డది పాలమూరు కూలీలకు. మహబూబ్‌నగర్ జిల్లా ఊళ్ళ నుంచి గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చి కుటుంబాలను కట్టుకుపోయేవాడు. అప్పు తీరేదాకా పని, తీరేలోపు మళ్ళీ అప్పు. సాగర్, శ్రీశైలం మొదలుకొని ఉత్తరాది ప్రాజెక్టుల దాకా వాళ్ళు రాళ్ళు మోశారు, మట్టి తవ్వారు. కృష్ణా నది తెలంగాణలో ముందుగా అడుగుపెట్టేది వాళ్ళ జిల్లాలోనే. అయినా అక్కడ పొలాలు వానను నమ్ముకునే ఉండేవి. ఆ జిల్లాలో కృష్ణ మీద జూరాల ప్రాజెక్టుకు 1981లో పునాది పడింది. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి 2015 జూన్‌లో కరివెన దగ్గర శంకుస్థాపన జరిగింది.